తుఫాను అందరిదీ, నిర్ణయం కొందరిదేనా?

'ప్రకృతి వైపరీత్యానికి కులం లేదు, మతం లేదు, ఆడా మగా తేడా లేదు.' ప్రతి తుఫాను తరువాతా మనం వినే మాట ఇది. మంత్రుల ప్రకటనల్లో వింటాం, సంతాప సభల్లో వింటాం, ఒక్కోసారి మన స్వచ్ఛంద సంస్థల నివేదికల్లో కూడా చదువుతాం. వినడానికి బావుంటుంది కానీ నిజం కాదు.

1991 ఏప్రిల్ 29న బంగ్లాదేశ్ తీరాన్ని తాకిన తుఫానులో సుమారు 1,38,000 మంది చనిపోయారు. ఇరవై నుంచి నలభై నాలుగేళ్ళ మధ్య వయసువాళ్ళలో మరణాల రేటు పురుషుల్లో వెయ్యికి 15 వుంటే స్త్రీలలో వెయ్యికి 71 వుంది. 2004 డిసెంబర్ 26 సునామీలో తమిళనాడు కడలూరు జిల్లాలో 146 మంది పురుషులు చనిపోతే, స్త్రీలు 391 మంది చనిపోయారని ఆక్స్‌ఫామ్ నివేదిక చెప్పింది. అందరి మీదకీ వచ్చింది ఒకే అల. మరి ఇంత తేడా ఎందుకు?

కారణాలు సముద్రంలో లేవు, మన ఇళ్ళలో వున్నాయి. మగపిల్లలకు ఈత, చెట్లెక్కడం వస్తాయి. ఆడపిల్లలకు వాటిని నేర్పం, నేర్చుకుంటానంటే కోప్పడతాం. నీళ్ళలో చీర కాళ్ళకి చుట్టుకుంటుంది. చంకన ఒక బిడ్డ, చేతిలో ఒక బిడ్డ, మంచంలో ముసలి అత్తగారు. హెచ్చరిక బజారులో, టీకొట్టు దగ్గర వినిపిస్తుంది. అది ఇల్లు చేరేసరికి ఆలస్యమవుతుంది. చేరినా, ఇల్లు వదలడానికి భర్త అనుమతి కోసం ఎదురుచూడాలి. సునామీ రోజున చాలామంది మత్స్యకారులు లోతు నీళ్ళలో వుండి బతికారు. చేపల కోసం ఒడ్డున ఎదురుచూస్తున్న స్త్రీలను అల తీసుకుపోయింది. అంటే పితృస్వామ్యం ఏర్పాటు చేసిన పని విభజనే చావులను కూడా విభజించింది.

మన తీరానికి వద్దాం. 1977 నవంబర్ 19 దివిసీమ ఉప్పెనను తెలుగువాళ్ళు మర్చిపోలేదు. అధికారిక లెక్కల ప్రకారమే సుమారు 10,000 మంది చనిపోయారు. ఆ తరువాత తుఫాను షెల్టర్లు కట్టారు, హెచ్చరికల వ్యవస్థ మెరుగుపడింది. 1990 మే నెలలో మచిలీపట్నం ప్రాంతాన్ని తాకిన తుఫాను కూడా చాలా బలమైనదే అయినా మరణాలు వెయ్యి లోపే ఆగాయి. 1996 నవంబర్ 6న కోనసీమను కొబ్బరి చెట్లతో సహా పెకలించిన తుఫాను మళ్ళీ వెయ్యి మందికి పైగా పొట్టన పెట్టుకుంది. పొరుగున ఒడిశాలో 1999లో వచ్చిన మహా తుఫాను సుమారు 10,000 మందిని చంపింది. అదే ఒడిశాలో 2013 అక్టోబర్‌లో ఫైలిన్ వచ్చినప్పుడు, దాదాపు 10 లక్షల మందిని ముందుగానే తరలించి, మరణాలను పదుల్లో ఆపగలిగారు. ఇది చిన్న విజయం కాదు. ప్రభుత్వ యంత్రాంగం, వాతావరణ శాస్త్రజ్ఞులు, క్షేత్రస్థాయి సిబ్బంది కలిసి సాధించిన విజయం.

ప్రాణాలు కాపాడడంలో మనం చాలా దూరం వచ్చాం. కానీ బతికి బయటపడిన స్త్రీ హక్కుల దగ్గర మాత్రం 1977లో ఎక్కడ వున్నామో దాదాపు అక్కడే వున్నాం. ఈ సంపాదకీయం దాని గురించే.

రెండేళ్ళుగా నేను కోస్తా జిల్లాల్లో విపత్తు సహాయక రంగంలో పనిచేసేవాళ్ళ ప్రాంతీయ సంఘానికి అధ్యక్షురాలిగా వున్నాను. రిటైరైన రెవెన్యూ ఉద్యోగులు, అగ్నిమాపక సిబ్బంది, వైద్యులు, ఇంజనీర్లు, స్వచ్ఛంద సంస్థల కార్యకర్తలు ఇందులో సభ్యులు. ఈ పదవికి వచ్చిన మొదటి స్త్రీని నేనే. నా ఎన్నిక రోజున ఒక పెద్దాయన గౌరవంగానే అడిగారు: 'అర్ధరాత్రి వరదలోకి వెళ్ళాల్సి వస్తే ఎట్లాగమ్మా?' బెస్తపాలెంలో ఆడవాళ్ళంతా అర్ధరాత్రి వరదలోనే వుంటారు కదండీ, వాళ్ళ దగ్గరికి ఎవరో ఒకరు వెళ్ళాలి కదా అన్నాను. ఆయన నవ్వి వూరుకున్నారు. కానీ ఆ ప్రశ్న ఆయన ఒక్కరిది కాదు, ఈ వృత్తి పుట్టుకలోనే వుంది.

ఈ వృత్తి యుద్ధం నీడలో పెరిగింది. అత్యవసర నిర్వహణ నిపుణుల అంతర్జాతీయ సంఘం అమెరికాలో 1952లో పౌర రక్షణ మండలిగా మొదలయింది. మన దేశంలో కూడా పౌర రక్షణ చట్టం 1968లో, రెండు యుద్ధాలు చూసిన తరువాత వచ్చింది. అందుకే ఈ రంగం భాషంతా సైన్యం భాష. కంట్రోల్ రూం, కమాండర్, ఆపరేషన్, దళం. తాడు, పడవ, వైర్‌లెస్ సెట్టు తెలిసినవాడు నిపుణుడు. నాలుగు వందల మందికి తడిసిన కట్టెలతో వంట చేయించి, కాన్పు నొప్పులొచ్చిన అమ్మాయిని తడికె చాటున పెట్టి, పసిపిల్లలకు పాలు సంపాదించి, మరుగుదొడ్డి దగ్గర కాపలా ఏర్పాటు చేసే స్త్రీ మాత్రం నిపుణురాలు కాదు. ఆమె చేసేది 'సాయం'. ఇంటి పనికి విలువ కట్టని సమాజం, వరదలో అదే పని చేసినప్పుడు మాత్రం ఎందుకు విలువ కడుతుంది?

అందుకే మా సంఘంలో నేను మొట్టమొదట ఎత్తిన చర్చ సభ్యత్వం గురించి. అంగన్‌వాడీ టీచర్లు, ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తలు పూర్తి ఓటు హక్కున్న సభ్యులు కావాలని ప్రతిపాదించాను. వాళ్ళని చేర్చుకుంటే 'వృత్తి గౌరవం తగ్గుతుంది' అన్నారు కొందరు. 'ప్రత్యేక ఆహ్వానితులుగా పిలుద్దాం' అన్నారు ఇంకొందరు. ఆహ్వానితురాలికి టీ ఇస్తారు, ఓటు ఇవ్వరు. రెండు సమావేశాలు వాదించాక ప్రతిపాదన గెలిచింది. ఆ తరువాత మరో చిన్న మార్పు చేశాం. సమావేశాలు సాయంత్రం ఆరు గంటలకు జిల్లా కేంద్రంలోని హోటల్లో కాకుండా, ఉదయం పూట మండల కేంద్రాల్లో, చంటిపిల్లలతో రావడానికి వీలుగా జరుపుతున్నాం. హాజరు పట్టీలో స్త్రీల సంతకాలు పెరగడానికి పెద్ద సిద్ధాంతమేమీ అవసరం కాలేదు. చివరి బస్సు పోకముందే మీటింగు ముగిస్తే చాలు.

వాళ్ళు వచ్చాక చర్చల సారమే మారింది. అంతకుముందు మా సంసిద్ధతా పత్రంలో బోట్లు ఎన్ని, జనరేటర్లు ఎన్ని, ఇసుక బస్తాలు ఎన్ని అని వుండేది. ఒక అంగన్‌వాడీ టీచరు లేచి, 'వచ్చే రెండు నెలల్లో కాన్పు వచ్చేవాళ్ళ పేర్లు మా రిజిస్టర్లో వున్నాయి, తుఫాను సీజనుకి ముందు ఆ జాబితా మీ దగ్గర ఎందుకు వుండదు?' అని అడిగింది. ఎవరి దగ్గరా జవాబు లేదు. ఇప్పుడు గర్భిణుల, బాలింతల, ఒంటరిగా వుండే ముసలివాళ్ళ, వికలాంగుల జాబితా మా పత్రంలో మొదటి పేజీలో వుంటుంది. నాయకత్వం అంటే కుర్చీలో ఒక స్త్రీ కూర్చోవడం కాదని, ఇటువంటి ప్రశ్న అడిగే స్త్రీకి ఆ గదిలో చోటు కల్పించడమని నేను అనుకుంటున్నాను.

ఇది మన అనుభవం మాత్రమే కాదు. 1993 సెప్టెంబర్ 30న మహారాష్ట్రలో లాతూర్ భూకంపం వచ్చిన తరువాత, స్వయం శిక్షణ్ ప్రయోగ్ అనే సంస్థ చొరవతో గ్రామ మహిళా మండళ్ళ స్త్రీలు 'సంవాద్ సహాయకులు'గా పనిచేశారు. ఇంటి పునర్నిర్మాణం ఎట్లా జరగాలి, ప్రభుత్వ సొమ్ము ఎట్లా అందుతుంది అనే విషయాల్లో ప్రజలకీ ప్రభుత్వానికీ మధ్య నిలబడ్డారు. ఇంట్లో నోరు విప్పవద్దని పెరిగిన స్త్రీలు ఇంజనీర్లతో పునాదుల గురించి వాదించారు. బంగ్లాదేశ్‌లో 1970ల మొదట్లో ప్రారంభమైన తుఫాను సంసిద్ధతా కార్యక్రమంలో ఇప్పుడు 76,000 మంది వాలంటీర్లు వున్నారు, వాళ్ళలో సుమారు సగం మంది స్త్రీలు. ఇంటి గడప దాటి లోపలికి వెళ్ళి ఒక స్త్రీ మరో స్త్రీకి హెచ్చరిక చెప్పగలగడం అక్కడ మరణాలు తగ్గడానికి ఒక కారణం. 1991లో ఒక పురుషుడికి 14 మంది స్త్రీల చొప్పున చనిపోతే, 2007 సిడ్ర్ తుఫాను నాటికి ఆ నిష్పత్తి ఒకటికి అయిదుకి తగ్గింది. ఒకటికి అయిదు కూడా అన్యాయమే. కానీ ఈ తేడా విధి రాత కాదని, మార్చగలమని అది రుజువు చేసింది.

ఇక చట్టం దగ్గరికి వద్దాం. విపత్తు నిర్వహణ చట్టం 2005లో వచ్చింది. జాతీయ ప్రాధికార సంస్థకు ప్రధానమంత్రి, రాష్ట్ర సంస్థకు ముఖ్యమంత్రి, జిల్లా సంస్థకు కలెక్టరు అధ్యక్షులు. జిల్లా సంస్థలో ఎస్పీ వుంటారు, జిల్లా వైద్యాధికారి వుంటారు. స్త్రీలు ఇంతమంది వుండాలనే నియమం మాత్రం ఈ చట్టంలో ఏ అంచెలోనూ లేదు. 2015లో జపాన్‌లోని సెండాయ్‌లో ప్రపంచ దేశాలు 2030 దాకా వర్తించే ఒప్పందం చేసుకుని, స్త్రీల నాయకత్వం అవసరమని రాసుకున్నాయి. 2016 నవంబర్‌లో న్యూఢిల్లీలో జరిగిన ఆసియా సదస్సులో మన ప్రధాని ప్రకటించిన పది అంశాల్లో ఒకటి విపత్తు నిర్వహణలో స్త్రీల నాయకత్వాన్ని ప్రోత్సహించడం. ప్రకటనలో వున్నది చట్టంలో లేదు. చట్టంలో లేనిదాన్ని జిల్లా కార్యాలయంలో అడిగితే 'అమ్మా, రూల్స్ ఒప్పుకోవు' అంటారు.

అయితే రూల్స్ ఒప్పుకునేది ఒకటి వుంది. దాన్ని మనం ఇంతవరకూ సరిగా వాడుకోలేదు. జిల్లా పరిషత్తు వున్న చోట దాని అధ్యక్షులు జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకు సహ అధ్యక్షులని ఇదే చట్టం 25వ సెక్షన్ చెబుతోంది. మన రెండు రాష్ట్రాల్లోనూ స్థానిక సంస్థల్లో సగం స్థానాలు స్త్రీలకు రిజర్వు అయ్యాయి. ఈ రెండింటినీ కలిపి చదివితే, స్త్రీలు జిల్లా పరిషత్తుకు అధ్యక్షులుగా వున్న ప్రతి జిల్లాలో, కలెక్టరు పక్కన ఒక స్త్రీ హక్కుగా కూర్చోవాలి. ఆమెకు సమావేశం నోటీసు వెళుతోందా? వెళ్ళినా, ఆమె వస్తోందా, ఆమె భర్త వస్తున్నాడా? మహిళా సంఘాలుగా మనం ఎప్పుడైనా ఆమె దగ్గరికి వెళ్ళి, ఇది నీ హక్కు, నీ వెనక మేమున్నాం అని చెప్పామా? సర్పంచుల శిక్షణా తరగతుల్లో పారిశుధ్యం గురించి, నిధుల గురించి చెబుతాం. తుఫాను రాత్రి ఎవరిని ఎక్కడికి తరలించాలో నిర్ణయించే అధికారం గురించి కూడా చెప్పాలి.

చట్టం ఇచ్చినవి ఇంకా వున్నాయి. సహాయ పునరావాసాల్లో స్త్రీ పురుష భేదం, కులం, మతం ఆధారంగా వివక్ష చూపకూడదని 61వ సెక్షన్ స్పష్టంగా నిషేధించింది. అయినా షెల్టర్లో దళిత కుటుంబాలు వరండాలోనో, మెట్ల కిందో సర్దుకోవడం, యానాది కుటుంబాలకు అన్నం పొట్లాలు చివరికి చేరడం తీరంలో పనిచేసే కార్యకర్తలకు కొత్త విషయం కాదు. ఆ కుటుంబాల్లో స్త్రీ అందరికంటే చివర తింటుంది. అంటే చివరి పొట్లంలో చివరి ముద్ద ఆమెది. స్త్రీల నాయకత్వం అని మనం అన్నప్పుడు ఆ వరండాలో వున్న స్త్రీ అందులో లేకపోతే, ఒక పెత్తనం పోయి మరో పెత్తనం వస్తుందంతే.

12వ సెక్షన్ కింద జాతీయ సంస్థ 2016లో సహాయ శిబిరాలకు కనీస ప్రమాణాలు ప్రకటించింది. ప్రతి కార్యకర్తా వీటిని కంఠస్థం చెయ్యాలి. మనిషికి మూడున్నర చదరపు మీటర్ల కప్పున్న చోటు. 30 మందికి ఒక మరుగుదొడ్డి, స్త్రీలకూ పిల్లలకూ విడిగా మరుగుదొడ్లు, స్నానాల గదులు. స్త్రీలకు శానిటరీ నాప్కిన్లు. విధవరాళ్ళకూ, అనాథలైన పిల్లలకూ శిబిరంలో వేరే రిజిస్టరు. భర్త విపత్తులో చనిపోయిన స్త్రీకి 15 రోజుల్లో ధ్రువపత్రం, 45 రోజుల్లో నష్టపరిహారం. ఇవి ఎవరి దయాదాక్షిణ్యాలూ కావు, ప్రమాణాలు. తుఫాను తరువాత ఒక చీర, ఒక దుప్పటి, పది కిలోల బియ్యం పంచి ఫొటో తీయించుకోవడం దానం. 46వ రోజున కాగితం పట్టుకుని ఆఫీసు ముందు కూర్చోవడం హక్కు. మన సంస్థలు మొదటి పని బాగా చేస్తున్నాయి. రెండో పనికి వచ్చేసరికి ప్రాజెక్టు గడువు అయిపోతోంది.

సముద్రంలో గల్లంతైన మత్స్యకారుల భార్యల సంగతి ఇంకా దారుణం. శవం దొరికితేనే పంచనామా, పంచనామా వుంటేనే మరణ ధ్రువపత్రం, అది వుంటేనే పరిహారం. ఏడేళ్ళు కనిపించని మనిషిని చనిపోయినట్టు భావించవచ్చనే నియమం 1872 సాక్ష్య చట్టంలో వుండేది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్‌లోనూ అదే కొనసాగుతోంది. ఏడేళ్ళు ఆ స్త్రీ ఎవరు? భర్త వున్న స్త్రీయా, లేని స్త్రీయా? విధవా పింఛను రాదు, పరిహారం రాదు, అప్పులవాళ్ళు మాత్రం వస్తారు. ఒక మత్స్యకార స్త్రీ నాతో అన్నది: 'శవం దొరికినోళ్ళకి డబ్బులిచ్చారమ్మా. సముద్రం నా మొగుణ్ణి దాచుకుంది, ఆఫీసోళ్ళు నా కాయితాన్ని దాచుకున్నారు.' 2004 సునామీ తరువాత, 2013 ఉత్తరాఖండ్ వరదల తరువాత ఏడేళ్ళు ఆగకుండా విచారణ జరిపి మరణ ధ్రువపత్రాలు ఇచ్చే ప్రత్యేక పద్ధతిని ప్రభుత్వం అమలు చేసింది. అప్పుడు సాధ్యమైంది, ప్రతి తుఫానుకీ ప్రతి గల్లంతైన పడవకీ శాశ్వత నియమంగా ఎందుకు సాధ్యం కాదు?

ఇంటి నష్టం పరిహారం ఇంటి పట్టా ఎవరి పేర వుంటే వాళ్ళకే. పంట నష్టం భూమి ఎవరి పేర వుంటే వాళ్ళకే. నాట్లు వేసి, కలుపు తీసి, కోత కోసిన కూలి స్త్రీ పోగొట్టుకున్న పనిదినాలు ఏ నష్టాల జాబితాలోనూ ఎక్కవు. చేపలు ఎండబెట్టి అమ్ముకునే స్త్రీ బుట్టలు, తట్టలు, ఎండబెట్టిన సరుకు కొట్టుకుపోతే వాటిని ఎవరు రాస్తారు? పడవ రాస్తారు, వల రాస్తారు. నష్టం అంటే ఏమిటో నిర్వచించే కలం ఎవరి చేతిలో వుందో, పరిహారం వాళ్ళ దారినే వెళుతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా చెయ్యాలి. స్త్రీలను చేర్చుకోవాలనే మాట ఇప్పుడు ప్రభుత్వాలకీ నిధులిచ్చే సంస్థలకీ నచ్చుతోంది. జాతీయ విపత్తు ప్రతిస్పందన దళంలో తొలి మహిళా బృందం 2021 నాటికి విధుల్లో చేరింది. ఇది మనం స్వాగతించాలి. వాళ్ళు జీతం వున్న ఉద్యోగులు. కానీ గ్రామంలో మాత్రం పొదుపు సంఘం సభ్యురాలిని పిలిచి 'నువ్వు వాలంటీరువి' అని ఒక టోపీ, ఒక టీ షర్టు ఇచ్చి పంపిస్తున్నారు. వంట, పిల్లలు, కూలి, పొదుపు మీటింగులు, ఇప్పుడు తుఫాను డ్యూటీ. దానికి భత్యం లేదు, బీమా లేదు, ఆమె ఒంటికి సరిపోయే లైఫ్ జాకెట్టు లేదు. జీతం వున్న పని మగవాళ్ళకీ, సేవ ఆడవాళ్ళకీ అనే పాత పంపకమే కొత్త బానరు కింద సాగితే దాన్ని నాయకత్వం అని పిలవడానికి నేను ఒప్పుకోను. మా సంఘంలో ఈ విషయం మీద ఏకాభిప్రాయం ఇంకా రాలేదు. భత్యం అడిగితే సేవాభావం చచ్చిపోతుందని వాదించే మిత్రులు, తమ ప్రయాణ భత్యం బిల్లులు మాత్రం నెల నెలా పంపుతూనే వున్నారు!

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో స్త్రీలు సారాకు వ్యతిరేకంగా లేచినప్పుడు, సారా ఇంటి గొడవ కాదు, రాజకీయం అని రాష్ట్రమంతటికీ అర్థమయింది. విపత్తు కూడా అంతే. అది ఆకాశం నుంచి ఊడిపడే దురదృష్టం కాదు. గట్టు ఎవరు కట్టారు, కాలువను ఎవరు ఆక్రమించారు, మురికివాడ పల్లంలో ఎందుకు వుంది అనే రాజకీయం. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడలో పల్లపు కాలనీలు రోజుల తరబడి నీళ్ళలో నానినప్పుడు, తాగే నీళ్ళ కోసం, మరుగుదొడ్డి కోసం ఎక్కువగా అల్లాడింది ఎవరో చెప్పనవసరం లేదు.

అందుచేత పాఠకులకు నా విజ్ఞప్తి. వచ్చే తుఫాను సీజనుకు ముందే మీ జిల్లా విపత్తు ప్రణాళిక ప్రతిని అడగండి. 31వ సెక్షన్ ప్రకారం ప్రతి జిల్లాకీ ప్రణాళిక వుండాలి, దాన్ని ఏటా సవరించాలి. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబు చెప్పాలి. అందులో స్త్రీల గురించి ఎన్ని వాక్యాలున్నాయో చూడండి. మీ వూరి షెల్టరుకి వెళ్ళి మరుగుదొడ్లు లెక్కపెట్టండి, తలుపులకి గడియలున్నాయేమో చూడండి, షెల్టరు తాళంచెవి ఎవరి దగ్గర వుందో కనుక్కోండి. జిల్లా పరిషత్తు అధ్యక్షురాలిని కలవండి. గల్లంతైన మత్స్యకారుల భార్యల జాబితా తయారు చెయ్యండి. మృతుల, క్షతగాత్రుల, పరిహారం పొందినవాళ్ళ లెక్కలు స్త్రీలకూ పురుషులకూ విడివిడిగా ప్రకటించమని అడగండి. లెక్కలో లేనివాళ్ళు హక్కులో కూడా వుండరు.

అన్నిటికన్నా ముఖ్యంగా, ఒక చట్ట సవరణ కోసం మనమంతా గొంతు కలపాలి. జాతీయ, రాష్ట్ర, జిల్లా విపత్తు నిర్వహణ సంస్థలన్నిటిలో స్త్రీలకు కనీసం మూడో వంతు స్థానాలు, అందులో దళిత, ఆదివాసీ, మత్స్యకార స్త్రీలకు ప్రాతినిధ్యం. పంచాయితీలో సాధ్యమైంది ఇక్కడ ఎందుకు సాధ్యం కాదు?

మా సంఘం అధ్యక్ష పదవి నాది మరో ఏడాది వుంటుంది. ఆ తరువాత ఆ స్థానంలోకి ఒక ఏఎన్ఎమ్మో, ఒక మత్స్యకార స్త్రీయో పోటీ చేస్తే, అప్పుడు 'అర్ధరాత్రి ఎట్లాగమ్మా' అని కాకుండా 'నీ ప్రణాళిక ఏమిటి' అని ఆమెను అడగాలి. ఆ ప్రశ్న అడిగే పరిస్థితిని తయారు చెయ్యడం ఒక అధ్యక్షురాలి పని కాదు, మనందరి పని. మీ మండలంలో మొదలుపెట్టండి. ఏం జరిగిందో మాకు రాయండి.